పిండి అని రాసి ఉంది

తనిఖీ అధికారి పదకొండింటికి వస్తానని ఉత్తరం రాశాడు కాబట్టి, పనులన్నీ పదిన్నరకల్లా ముగించాలని కోడలు ముందు రోజే లెక్క వేసుకుంది. ఏడింటికి పిల్లల స్నానాలు, ఎనిమిదింటికి తిండి, తొమ్మిదింటికి ముందుగది ఊడ్చి బల్ల మీద ఇసుక పళ్ళెం, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు, నల్లగుడ్డ సంచులు సర్దడం. పదిన్నర నుంచి పదకొండు దాకా ఊరికే కూర్చుని ఊపిరి పీల్చుకోవడం కూడా ఆ లెక్కలో ఉంది. ఆ అరగంట ఏనాడూ ఆమె చేతికి చిక్కిన పాపాన పోలేదు. అయినా ప్రతి లెక్కలోనూ దాన్ని వేస్తూనే ఉంటుంది.

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నదానికి ఐదు. ఇద్దరికీ ఇంట్లోనే చదువు. నల్లగుడ్డ సంచిలో గవ్వో, తాళంచెవో, చెట్టు బెరడో ఉంటుంది. చూడకుండా చెయ్యి పెట్టి, తడిమి, అది ఎలా ఉందో పది మాటల్లో చెప్పి, ఆ తర్వాతే పేరు చెప్పాలి. అక్షరమైతే ముందు గరుకు కాగితం మీద వేలితో దిద్దాలి, తర్వాత ఇసుకలో, ఆ తర్వాతే పలక. వంటగదీ బడే. అరల్లో ఇరవై రేకు డబ్బాలు ఒకే తీరువి, వేటి మీదా పేరు లేదు. మూత తీయాలి, వాసన చూడాలి, వేలు పెట్టాలి, అప్పుడు చెప్పాలి. చిన్నది కళ్ళు మూసుకుని రెండు వేళ్ళ మధ్య రాపిడి పెట్టి ఏది ఉప్పో ఏది పంచదారో చెప్పేస్తుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు మాత్రం కాఫీ కలుపుకోవాలంటే ఆ ఐదేళ్ళ పిల్లను పిలుచుకోవలసిందే.

ఈ పిచ్చి కోడలికి ఊరికే పట్టలేదు. పెద్దదాన్ని ఒక ఏడాది బడికి పంపింది. అక్కడ పిల్ల ఏం నేర్చుకుందో గానీ చేతులు కట్టుకుని కూర్చోవడం మాత్రం బ్రహ్మాండంగా నేర్చుకుంది. ఒక సాయంత్రం పక్కింటి పిల్లి వచ్చి ఒళ్ళో పడుకుంటే, పిల్ల చేతులు కట్టుకునే కూర్చుని "ముట్టుకోవచ్చా అమ్మా?" అని అడిగింది. కోడలికి ఆ రాత్రి అన్నం దిగలేదు. మర్నాడు బడి మాన్పించింది. ఇప్పుడు అధికారి గనక ఆ ఇంటి చదువు నచ్చలేదని రాస్తే, సోమవారం నుంచి ఇద్దరినీ ఆ బడిలోనే కూర్చోబెట్టాలి. ఉత్తరంలో ఆ మాట కింద గీత గీసి మరీ ఉంది.

అత్తగారు ముప్ఫై నాలుగేళ్ళు బడి నడిపి ప్రధానోపాధ్యాయురాలిగా దిగిన మనిషి. ఎర్ర సిరా పెన్ను ఇప్పటికీ కళ్ళజోడు పెట్టెలోనే ఉంటుంది. కోడలి చదువు మీద ఆవిడకు నమ్మకం లేదు గానీ, మనవరాళ్ళ మీద ప్రాణం. అందుకని ఆ రోజు ఐదింటికే లేచి, ఎవరికీ చెప్పకుండా, తన చేతనైన సాయం చేసింది. ముత్యాల్లాంటి అక్షరాలతో ఇరవై చీటీలు రాసి, ఇరవై డబ్బాలకూ అంటించి, అక్కడితో ఆగక డబ్బాలను అక్షరక్రమంలో సర్దింది. మూతలు తీసి చూసింది. చూసింది అంతే. తెల్లగా మెత్తగా ఉన్నదాన్ని పిండి అనీ, తెల్లగా పలుకుగా ఉన్నదాన్ని పంచదార అనీ కళ్ళజోడు సవరించుకుంటూ నిర్ణయించింది. అన్నీ అయ్యాక పై అరలో ఉన్న రెండు సీసాలకు కూడా పేర్లు పెట్టింది.

తొమ్మిదిన్నరకు వంటగదిలో అడుగు పెట్టిన కోడలికి ఒళ్ళు మండిపోయింది.

"ఇదేంటత్తయ్యా?"

"వచ్చినాయనకి ఈ ఇంట్లో అక్షరమనేది ఒకటుందని తెలియొద్దూ?" అంది అత్తగారు తాపీగా. "మట్టి పిసకడం తప్ప ఏం లేదనుకుంటే ఎవరికి నష్టం?"

కోడలు గోరుతో ఒక చీటీ పీకబోయింది. అది రాలేదు. అత్తగారు ఏ పని చేసినా గట్టిగానే చేస్తుంది. గుడ్డ తడుపుకు వచ్చేలోగా తలుపు చప్పుడైంది. అధికారి గంటన్నర ముందే వచ్చాడు. ముందస్తుగా వెళితేనే ఇళ్ళల్లో అసలు సంగతి బయటపడుతుందని ఆయన నమ్మకం.

బక్కపలచటి మనిషి, జేబులో మూడు పెన్నులు, చంకలో ఫైలు. కూర్చుంటూనే తన గురించి తానే చెప్పుకున్నాడు. నివేదిక తనిఖీ చేసిన ఇంట్లోనే, అప్పటికప్పుడే, అధికారి స్వహస్తాలతో రాయాలనీ, అందులో ఒక నకలు ఇంటివాళ్ళకు ఇవ్వాలనీ నియమం పెట్టించింది తనేనట. అంతకుముందు అధికారులు ఇళ్ళకు వెళ్ళకుండా ఆఫీసులో కూర్చుని రాసి పారేసేవారట. ఇన్నేళ్ళలో తను ఒక్క ఇల్లు కూడా రాయకుండా దాటలేదట.

కోడలు గబగబా టీ పెట్టి, 'పంచదార' అన్న డబ్బాలోంచి రెండు చెంచాలు వేసి తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కప్పును సాసరులో పెట్టి, సాసరును బల్ల చివరికి జరిపి, ఏమీ అనకుండా ఫైలు తెరిచి ఒక వాక్యం రాసుకున్నాడు. ఈ వృత్తిలో ఆయనకు ఇళ్ళల్లో జరిగిన మర్యాదలు తక్కువేం కాదు గానీ, టీలో ఉప్పు వేసి ఇచ్చిన ఇల్లు ఇదే మొదటిది. అక్కడి నుంచి ఆయన గొంతు మారిపోయింది.

"ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చోండి" అన్నాడు పిల్లలతో.

"మా ఇంట్లో కట్టుకోం అంకుల్" అంది పెద్దది. పొగరుగా కాదు, ఇంటి సంగతి తెలియని కొత్తవాళ్ళకు చెప్పినట్టు చెప్పింది. కోడలికి భయం వేసినా, లోలోపల కొండంత సంతోషం కలిగింది. అధికారి రెండో వాక్యం రాసుకున్నాడు.

నల్లసంచులు చూపిస్తే, సంచిలో చెయ్యి పెట్టడం చదువైతే జేబుదొంగలందరూ పండితులే కదా అన్నాడు. ఇసుక పళ్ళెం వైపు అసలు చూడలేదు. తనకు కావలసింది చదవడం, చదివింది అర్థం చేసుకోవడం, అంతేనని, వంటగది గుమ్మంలోంచి కనిపిస్తున్న అరల వైపు వేలు చూపించి, ఆ డబ్బా మీద ఏముందో చదవమని పెద్దదాన్ని అడిగాడు. అత్తగారి మొహం వెలిగిపోయింది. తన చీటీలు అక్కరకు వచ్చాయి.

"పిండి" అని చదివింది పెద్దది.

"లోపల ఏముంది?"

పిల్ల అలవాటు ప్రకారం వెళ్ళి మూత తీసింది, వేలు పెట్టింది, రెండు వేళ్ళ మధ్య నలిపింది. "పిండి కాదు."

"రాసింది ఏమిటి?"

"పిండి."

"మరి?"

"రాసింది తప్పు."

చదివి అర్థం చేసుకునే శక్తి శూన్యం అని అధికారి పైకి చదువుతూ మరీ రాసుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళలో తన రాత తప్పని ఎవరి చేతా అనిపించుకోని అత్తగారు చివ్వున లేచింది. కోడలు ఆ సమయానికి అక్కడ లేదు. తాగకుండా వదిలేసిన టీ కప్పు తీసుకుని వంటగది వెనక గట్టు దగ్గరకు వెళ్ళి, ఆయన ఎందుకు తాగలేదో అర్థం కాక నిలబడి ఉంది. ఉంటే అత్తగారిని ఆపేది. ఎందుకంటే ఆ డబ్బా సంగతి ఆమెకు తెలుసు.

ఆమె భర్త పళ్ళసెట్లు తయారుచేస్తాడు. రెండు వీధుల అవతల దుకాణం. మూడు రోజుల కింద దుకాణం కప్పు కారి సామాను తడుస్తుంటే, అచ్చులు పోసే ప్లాస్టర్ పొడిని ఇంటికి తెచ్చి ఖాళీగా ఉన్న ఇరవయ్యో డబ్బాలో పోశాడు. పిల్లలకు ఇంత నీళ్ళలో కలిపి చూపించాడు కూడా. ముందు వెచ్చబడుతుంది, తర్వాత రాయవుతుంది. భార్యకు చెప్పాడు. తల్లికి మాత్రం చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ ఆయన తల్లికి ఏం చెప్పినా ఆవిడ అందులో ఒక తప్పు దిద్దిగానీ వదలదు. అందుకని ఆయన చెప్పడం తగ్గించుకున్నాడు.

అత్తగారు ఆ డబ్బా తెచ్చి, లోతు గిన్నెలో సగానికి పైగా పొడి వంపి, చెంబుతో నీళ్ళు పోసి, గరిటెతో బిరబిరా కలిపి అధికారి ముందు బల్ల మీద పెట్టింది. "ఇదిగోనండి, పిండే. పిల్లలు ఇందులో చేతులు అద్ది అచ్చులు వేస్తారు. ఏదీ, చిన్నదానా, అద్ది చూపించు."

చిన్నది గిన్నెలోకి చూసింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇది నాన్న పొడి" అంది.

పెద్దలు చెప్పిన మాట వినరు అని అధికారి ఇంకో వాక్యం రాసుకున్నాడు. పెన్ను జేబులో పెట్టి, కుడి చేతి చొక్కా మడత పైకి లాక్కుని, ఎలా చెయ్యాలో తానే చూపించడానికి వేళ్ళు చాపి మణికట్టు దాకా గిన్నెలో దించాడు. ఏం భయం, మెత్తగా ఉంది కదా అన్నాడు. అక్కడ తీసేసి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆయనకు క్రమశిక్షణ గుర్తుకొచ్చింది. పిల్లలకు క్రమశిక్షణ అంటే ఏమిటి, దాన్ని ఎవరు నేర్పాలి, తన చిన్నతనంలో ఎలా నేర్పారు, దానివల్ల తాను ఇంతటివాడు ఎలా అయ్యాడు అని మొదలుపెట్టాడు. చెయ్యి గిన్నెలోనే ఉంది.

"చెయ్యి తీసేయండి అంకుల్, వెచ్చబడుతోంది" అంది చిన్నది గిన్నెను బయటి నుంచి తడిమి.

పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో మాట్లాడకపోవడమే క్రమశిక్షణలో మొదటి మెట్టు అన్నాడాయన. కాసేపటికి పెద్దది అదే మాట చెప్పింది. రెండో మెట్టు గురించి చెప్పాడు.

వంటగది వెనక కోడలు చివరికి ఆ టీని తానే ఒక గుక్క తాగి చూసింది. ఉప్పు. మరుక్షణం సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. పిల్లలకు పొద్దున్నే లేచిన దగ్గర్నుంచి వేలు పెట్టి చూడండి, వేలు పెట్టి చూడండి అని పాఠాలు చెప్పే మనిషి, తాను మాత్రం చీటీ చదివి చెంచా ముంచింది. ఆ సిగ్గు వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. పంచదార పంచదార కాకపోతే, మరి పిండి? లోపలికి వచ్చి అర వైపు చూసింది. ఆ డబ్బా అక్కడ లేదు.

పరుగెత్తుకు వచ్చి, "సార్, చెయ్యి తీయండి, అది ప్లాస్టర్" అంది.

"నన్ను పూర్తి చేయనివ్వండమ్మా" అన్నాడాయన విసుగ్గా. తల్లే ఇలా ఉంటే పిల్లలు ఎలా ఉంటారని కూడా అన్నాడు. నాలుగో మెట్టు కూడా ఎక్కి దిగాక, ఇక రాసుకుందామని చెయ్యి పైకి ఎత్తాడు. చెయ్యితో పాటు గిన్నె కూడా లేచింది.

ఆయన చెయ్యి ఊపాడు. గిన్నె ఊగింది. బల్లకు కొట్టబోతే కోడలు అడ్డుపడింది. నొప్పిగా ఉందా అంటే లేదన్నాడు, గోరువెచ్చగా ఉందట. పిల్లల్ని చేతులు కట్టుకోమన్న మనిషికి చెయ్యి అలా కట్టుబడిపోయింది. చిన్నది నవ్వబోయి, అక్క మొహం చూసి ఆపుకుంది.

అత్తగారు కంగారులో కూడా పద్ధతి తప్పని మనిషి. పై అరలోంచి 'నూనె' అన్న సీసా తెచ్చి, జారుతుందని మణికట్టు చుట్టూ ధారాళంగా పోసింది. జారలేదు సరికదా, చొక్కా చెయ్యి వెళ్ళి గిన్నె అంచుకు అంటుకుపోయింది. అత్తగారు తన వేళ్ళు వేళ్ళకు రాసి చూసుకుంది. విడిపోవడం కష్టమైంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. బహుశా ఆవిడ జన్మలో అలా చూడడం అదే మొదటిసారి.

"బంక" అంది చిన్నగా. పిల్లల కాగితం పనుల కోసం కోడలు కాచిపెట్టిన బంక.

కోడలు భర్తకు ఫోన్ చేసింది. అవతలి ఊరి చివర ఒక ముసలాయనకు కొత్త పళ్ళు అమర్చుతున్నాడట. లాగొద్దు, కొట్టొద్దు, చేతికి తేడాగా ఉంటే వెంటనే చెప్పండి, గంటలో వస్తాను అన్నాడు. అధికారి ఆ గంట అన్న మాటనే పట్టుకున్నాడు. ఇదంతా, టీ మొదలుకుని గిన్నె దాకా, ముందే వేసుకున్న పథకమని ఆయనకు ఇప్పుడు స్పష్టంగా తెలిసిపోయింది. ఈ ఇంటి చదువు పనికిరాదని ఇప్పుడే, ఇక్కడే రాసి తీరతానన్నాడు.

కోడలికి అప్పటిదాకా ఉన్న భయమంతా ఎక్కడికి పోయిందో పోయింది. "రాయండి సార్" అంది ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఏ చేత్తో రాస్తారు?"

ఆయన గిన్నెలో ఇరుక్కున్న కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు.

"మీరేం రాసినా సరే, నా పిల్లలు పిల్లిని ముట్టుకోడానికి అనుమతి అడిగే చోటికి మళ్ళీ పోరు. మీ పై ఆఫీసుకి నేనే వస్తాను. ఈ గిన్నె కూడా తెస్తాను. మూడుసార్లు చెప్పినా చెయ్యి తీయనిది ఎవరో అక్కడ చెప్తాను."

పక్కనుంచి ఇంకో గొంతు వినిపించింది. అత్తగారిది. "ఆ చీటీలు రాసింది నేనండీ. ముట్టుకోకుండా రాశాను. మా పెద్దది చదివింది సరిగ్గానే చదివింది, చెప్పింది సరిగ్గానే చెప్పింది. తప్పు నాది. మీ కాగితంలో ముందు అది దిద్దండి." ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కోడలు అత్తగారి వైపు చూసి, చూపు తిప్పుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి మరి.

అధికారి దిద్దే మనిషి కాడు. ఎడమ చేత్తో పెన్ను తీసి, నివేదిక మీద మొదటి అక్షరం రాయబోయాడు. పెన్ను పక్కకు పోయి కాగితం చిరిగింది. ఇంకో కాగితం తీశాడు. ఈసారి చిరగలేదు గానీ, పడినదాన్ని అక్షరమని ఒప్పుకోవాలంటే పెద్ద మనసు కావాలి. చిన్నది బల్ల అంచున గడ్డం ఆనించి అంతా చూస్తోంది.

"మీకు అక్షరాలు రావా?" అంది.

"ఎందుకు రావు? ఈ చేతికి రావు."

"మరి చేతికి నేర్పాలి కదా" అంది చిన్నది. ఇంత చిన్న విషయం తెలియదేమిటన్నట్టు వెళ్ళి ఇసుక పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన వద్దన్నాడు. మళ్ళీ కాగితం చిరిగింది. గిన్నె బరువుకు కుడి భుజం లాగుతోంది. చిన్నది గిన్నె కింద ఒక దిండు పెట్టి, ఆయన ఎడమ చూపుడువేలు పట్టుకుని గరుకు కాగితం అక్షరం మీద దిద్దించింది. గట్టిగా నొక్కొద్దంది. కళ్ళు మూసుకోమంది. ఆయన మూసుకున్నాడు, బహుశా ఆ గిన్నె కనిపించకుండా ఉంటుందని. తర్వాత ఇసుకలో రాయించింది. వంకర పోతే పళ్ళెం ఊపి చెరిపేసి, ఏం ఫర్వాలేదు మళ్ళీ రాయండి అంది. ఆయన మళ్ళీ రాశాడు. ఈ ఇంటి చదువు పనికిరాదని రాయాలన్న కసి ఎంతలా ఉందంటే, ఆయన ఆ ఇంటి చదువును ముప్పావుగంట పాటు చెమటలు కక్కుతూ, వంచిన తల ఎత్తకుండా చదివాడు. అంత బుద్ధిమంతుడైన విద్యార్థిని అత్తగారు ముప్ఫై నాలుగేళ్ళలో చూడలేదట, తర్వాత చెప్పింది.

భర్త సన్నరంపం, చిన్న సుత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన పెన్ను తీసుకుని కాగితం మీదికి వంగి ఉన్నాడు. ఆగమని కోడలు చేత్తో సైగ చేసింది. కాగితం మీద అక్షరాలు పెద్దవిగా, కొంచెం వాలి, కానీ చదవడానికి వీలుగా ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. ఈ ఇంటి చదువు. తర్వాత, పనికి. అక్కడ పెన్ను ఆగింది.

ఆయన తను రాసింది చూసుకున్నాడు. ఎడమ చూపుడువేలి గోట్లో ఇరుక్కున్న ఇసుక చూసుకున్నాడు. పెద్దది వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. "బాగుంది, ఆగిపోయారేం?" అంది చిన్నది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన కుడి చేతికి ఏం రాయడం అలవాటో మనకు తెలియదు గానీ, కళ్ళెదుట జరిగినదాన్ని జరగలేదని రాసేంత చదువు ఆ ఎడమ చేతికి ఇంకా అబ్బలేదు. పనికి అన్న మాట పక్కన 'వస్తుంది' అని నెమ్మదిగా పూర్తి చేశాడు. దాని కింద, పెద్దమ్మాయి చదివింది సరైనదే, డబ్బా తప్పు, అని ఇంకో వాక్యం రాయడానికి పది నిమిషాలు పట్టింది. నియమం ప్రకారం నకలు కూడా రాయాలి. అది కూడా ఎడమ చేత్తోనే రాశాడు. కుడి చెయ్యి వచ్చేదాకా ఆగమని భర్త అన్నా వినలేదు.

భర్త చొక్కా చేతిని విడిపించి, గిన్నెను పక్కల తట్టి ఊడదీసి, ప్లాస్టర్‌కు రంపంతో చుట్టూ గాటు పెట్టి రెండు దెబ్బలతో పగలగొట్టాడు. చెయ్యి ఎర్రగా, ముడతలు పడి, క్షేమంగా బయటికి వచ్చింది. అధికారి దాన్ని తిప్పి తిప్పి చూసుకుని, వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, ఆ గరుకు కాగితం ఎక్కడ దొరుకుతుందని భర్తను అడిగాడు.

ఆ మధ్యాహ్నం అత్తగారు చీటీలన్నీ నానబెట్టి తానే పీకింది. తర్వాత వంటగదిలో పీట వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో డబ్బాలో వేలు పెట్టి చిన్నదానికి అప్పజెప్పింది. ఇరవైకి పదకొండు వచ్చాయి. మిగతావి రేపు చూద్దాంలే నాన్నమ్మా అంది చిన్నది. కోడలు గట్టు మీద కూర్చుని, ఎవరూ పిలవకుండా, పూర్తిగా అరగంట పాటు టీ తాగింది.

ఇంటికి ఇచ్చిన నకలును మాత్రం అత్తగారు ఊరికే వదల్లేదు. రెండు వంకర అక్షరాల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, కింద పదికి నాలుగు వేసింది.